మ్యూజిక్ ప్లేయర్‌కి కొత్త ముఖం పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ కలిసి నాలుగేళ్ల క్రితం ఆండ్రాయిడ్‌లో ఒక ఆఫ్‌లైన్ మ్యూజిక్ ప్లేయర్ చేశాం. ఫోన్‌లో, మెమరీ కార్డులో ఉన్న పాటలు ప్లే చేస్తుంది, అంతే. వాడేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. యాప్ పాతబడినట్టు కనిపిస్తోందని ఇప్పుడు డిజైన్ మొత్తం మారుస్తున్నాం. ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో స్క్రీన్లు గీసి ఇక్కడ పెట్టాం. ఆల్బమ్ బొమ్మ స్క్రీనంతా మసకగా పరుచుకుని ఉంటుంది. బటన్లు తగ్గించి స్వైప్‌లు పెట్టాం. ఫోల్డర్ల ట్యాబ్ తీసేసి ఆర్టిస్ట్, ఆల్బమ్ ట్యాబులు ముందుకు తెచ్చాం. ప్లే బటన్ గుండ్రంగా ఉండాలా, మూలలు నున్నగా చేసిన చతురస్రంగా ఉండాలా అన్న దగ్గర ఇద్దరికీ గొడవ. పెద్దలెవరైనా సలహా ఇవ్వండి.

జవాబు:

మీరు పెట్టిన స్క్రీన్లు చూశాను. అందంగా ఉన్నాయి. పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అందులో మూడేళ్లు ఒక మ్యూజిక్ యాప్ మీదే గడిచాయి. మీరు గీసినలాంటివి నేనూ గీశాను, తర్వాత వాటిలో చాలావరకు నేనే తీసేశాను. కాబట్టి కాస్త సూటిగా మాట్లాడితే ఏమనుకోకండి.

మీ ఫైల్లో పద్నాలుగు స్క్రీన్లున్నాయి. లాక్ స్క్రీన్ మీద మీ యాప్ ఎలా కనిపిస్తుందో చూపించే బొమ్మ ఒక్కటీ లేదు. నోటిఫికేషన్ బొమ్మా లేదు. ఇయర్‌ఫోన్ బటన్ ఒకసారి నొక్కితే ఏమవుతుంది, రెండుసార్లు నొక్కితే ఏమవుతుంది అన్న చిన్న కాగితమూ లేదు. కానీ మీ యాప్‌ని జనం ఎక్కువసేపు వాడేది అక్కడే. మ్యూజిక్ ప్లేయర్‌కీ మిగతా యాప్‌లకీ ఉన్న పెద్ద తేడా ఇది. వాట్సాప్ తెరిచినవాడు స్క్రీన్ చూస్తాడు. పాట పెట్టినవాడు ఫోన్ జేబులో పెట్టేస్తాడు. ఆటో అతను స్టాండుకి బిగించి రోడ్డు చూస్తాడు. వంటింట్లో ఉన్నామె చపాతీ పిండి అంటిన చేత్తో, మణికట్టుతోనో మోచేత్తోనో పాట మారుస్తుంది. మీరు డిజైన్ చేయాల్సింది ఆ మోచేతికి.

అందుకే మొదలుపెట్టే వరస తిప్పేయండి. అన్నిటికంటే చిన్న చోటు నుంచి పెద్ద చోటుకి రండి. ముందు ఇయర్‌ఫోన్ బటన్లు, తర్వాత లాక్ స్క్రీనూ నోటిఫికేషనూ, తర్వాత కింద ఉండే చిన్న ప్లేయర్ పట్టీ, ఆ తర్వాతే ఆ పెద్ద అందమైన స్క్రీన్.

నోటిఫికేషన్ విషయంలో మీ చేతిలో ఉన్నది తక్కువే, కానీ ఆ తక్కువే ముఖ్యం. ఆండ్రాయిడ్ 11 నుంచి మీడియా ప్లేయర్ క్విక్ సెట్టింగ్స్ పక్కకి వెళ్లింది. ఆండ్రాయిడ్ 13 నుంచి, ఆ వెర్షన్‌కి టార్గెట్ చేసిన యాప్‌లకి బటన్లు కూడా మీ మీడియా సెషన్ (ఏం మోగుతోందో యాప్ తరఫున సిస్టమ్‌కి చెప్పే భాగం) చెప్పే ప్లేబ్యాక్ స్థితి నుంచి సిస్టమే తీసుకుని గీస్తుంది. ఎక్కువలో ఎక్కువ ఐదు చోట్లు. ముందు, ప్లే, తర్వాత అనే మూడూ పోగా మీకు మిగిలేవి రెండు. ఆ రెండింట్లో ఏం పెడతారు? మీవాళ్లు ఎక్కువగా వాడేది షఫులా, రిపీటా, ఇష్టమైన పాట గుర్తా? ఈ ఒక్క ప్రశ్నకి నిజాయితీగా జవాబు వెతికితే మీ యాప్ ఎవరి కోసమో సగం తేలిపోతుంది.

చిన్న చిన్న ప్రవర్తనలు కూడా డిజైనే. ‘ముందు పాట’ బటన్ నొక్కితే, పాట మొదలై కొన్ని సెకన్లు దాటి ఉంటే అదే పాట మొదటికి వెళ్లాలి, ఇప్పుడే మొదలై ఉంటే నిజంగా వెనక పాటకి వెళ్లాలి. ఆండ్రాయిడ్ యాప్‌లలో పాటలు నడిపే ఎక్సోప్లేయర్ అనే గూగుల్ లైబ్రరీలో ఈ గీత మామూలుగా 3 సెకన్ల దగ్గర ఉంటుంది, దాన్ని కదపకండి. టేపు రికార్డర్ నాటి నుంచి కాకపోయినా సీడీ ప్లేయర్ల నాటి నుంచి వేళ్లకి అలవాటైన సంగతి అది. ఇయర్‌ఫోన్ ఊడిపోతే పాట ఆగాలి. బస్సులో వైరు జారి పాట ఒక్కసారిగా బయటికి మోగితే, అందరూ తిరిగి చూసింది ఆ మనిషినే అయినా, తిట్టుకునేది మీ యాప్‌నే. మ్యాప్ దారి చెబుతున్నప్పుడు పాట గొంతు తగ్గి మళ్లీ పెరగాలి. ఇవేవీ ఫిగ్మాలో గీయలేం. గీయలేం కాబట్టే డిజైనర్లు వీటిని వదిలేస్తారు.

ఇక మీ స్వైప్‌ల సంగతి. ఎడమకి లాగితే తర్వాతి పాట, కుడికి లాగితే ముందు పాట, కిందకి లాగితే చిన్నదవ్వాలి, పైకి లాగితే క్యూ (రాబోయే పాటల వరస) రావాలి, రెండుసార్లు తడితే ఇష్టం. ఐదు సైగలు, స్క్రీన్ మీద ఒక్కదానికీ గుర్తు లేదు. మీ ఇద్దరికీ తెలుసు, ఎందుకంటే మీరే పెట్టారు. ఆండ్రాయిడ్ 10 నుంచి స్క్రీన్ రెండు అంచుల నుంచీ లోపలికి లాగితే వెనక్కి వెళ్లడమని అర్థం, అడుగు నుంచి పైకి లాగితే హోమ్. మీ నాలుగు దిక్కుల్లో మూడు ఇప్పటికే సిస్టమ్ చేతిలో ఉన్నాయి. పాట మార్చబోయి యాప్‌లోంచి బయటపడ్డ మనిషికి తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలియదు. స్వైప్‌లు ఉంచుకోండి, కానీ అవి దగ్గరదారిగా ఉండాలి, ఉన్న ఒక్కదారీ అవే కాకూడదు. ప్రతి స్వైప్ చేసే పనికి కనిపించే బటన్ ఒకటి ఎక్కడో ఉండాల్సిందే.

ఆ బటన్ తాకే చోటు గూగుల్ మార్గదర్శకం చెప్పినట్టు కనీసం 48 డీపీ (తెర మీద దూరాలకి ఆండ్రాయిడ్ వాడే కొలత), ప్లేకీ తర్వాతి పాటకీ నేనైతే 64కి తగ్గనివ్వను. బొమ్మ చిన్నగా ఉన్నా పరవాలేదు, తాకే చోటు పెద్దగా ఉండాలి. మీ డిజైన్‌లో తర్వాతి పాట బటన్ పక్కనే అంటుకుని ఇష్టం గుర్తు ఉంది. కుదుపుల్లో ఆ రెండూ తారుమారవుతాయి. ఇంకో సంగతి, స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ 2013లో వీధుల్లో, బస్సుల్లో ఫోన్ వాడే 1,333 మందిని గమనించి రాశాడు. వాళ్లలో తెరనో బటన్లనో తాకుతూ వాడుతున్నవాళ్లని తీసుకుంటే 49 శాతం ఒంటిచేత్తో వాడుతున్నారు. అప్పటి ఫోన్లు ఇప్పటికంటే చిన్నవి. అంటే ఇప్పుడు బొటనవేలికి పై మూలలు ఇంకా దూరం. మీరు వెతుకులాట బటన్ సరిగ్గా అక్కడే, కుడి పై మూలలో పెట్టారు.

నా కథ ఒకటి చెబుతాను, పేర్లు లేకుండా. నేను పని చేసిన ఒక కంపెనీలో ప్లేయర్ స్క్రీన్ ‘శుభ్రం’ చేద్దామని షఫుల్, రిపీట్ బటన్లు తీసి మూడు చుక్కల మెనూలో పడేశాం. స్క్రీన్ నిజంగానే శుభ్రంగా కనిపించింది, మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. విడుదలైన రెండోరోజు నుంచి రివ్యూల్లో ఒకటే మాట: ‘షఫుల్ తీసేశారు’. తీయలేదు, దాచాం. వాడేవాళ్ల దృష్టిలో రెండూ ఒకటే. మా మేనమామ ఫోన్ చేసి ‘ఒరే, నీ యాప్ పాడైందిరా, ఒకటే వరసలో పాడుతోంది’ అన్నాడు. మూడు చుక్కలు చూపించాను. ‘అది దుమ్మనుకున్నా’ అన్నాడు. అప్పుడు నవ్వాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడు వారాల తర్వాత బటన్లు వెనక్కి తెచ్చాం, రేటింగ్ తిరిగి పైకి రావడానికి మాత్రం చాలా నెలలు పట్టింది.

పెద్ద కంపెనీలకీ ఇది తప్పలేదు. సోనోస్ సంగతి వినే ఉంటారు. 2024 మే నెలలో వాళ్ల స్పీకర్లు నడిపే యాప్‌ని మొదటి నుంచి తిరగరాసి విడుదల చేశారు. అలారం మార్చుకోవడం, స్లీప్ టైమర్, క్యూ సరిచేసుకోవడం లాంటివి కొత్త యాప్‌లో లేవు. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌తో ఇబ్బందులొచ్చాయి. వేలల్లో ఫిర్యాదులు, కంపెనీ అధిపతి బహిరంగ క్షమాపణ, 2025 జనవరిలో ఆయన పదవి నుంచి తప్పుకోవడం దాకా వెళ్లింది. స్లీప్ టైమర్ వాడేవాళ్లు ఎంతమంది ఉంటారని అనిపిస్తుంది. రోజూ రాత్రి పాట వింటూ పడుకునే మనిషికి యాప్ అంటే ఆ టైమరే.

కాబట్టి కొత్త గీత ఒక్కటి గీసేముందు, పాత యాప్‌లో ఏమేం చేయొచ్చో ఒక పట్టిక రాయండి. మెనూల్లో దాగినవి, ఎక్కువసేపు నొక్కితే వచ్చేవి, సెట్టింగ్స్‌లో అడుగున ఉన్నవి, అన్నీ. ప్రతిదానికీ కొత్త డిజైన్‌లో ఎన్ని తాకులు పడతాయో ఎదురుగా వేయండి. తాకులు పెరిగిన ప్రతి వరసకీ ఎందుకు పెరిగిందో మీరిద్దరూ ఒకరికొకరు చెప్పుకోగలగాలి. విసుగు పుట్టించే పని, ఒక ఆదివారం పోతుంది, పోనివ్వండి.

ఇప్పుడు అసలైన చోటుకి వద్దాం. ఫోల్డర్ల ట్యాబ్ తీసేయడం. దయచేసి తీయకండి.

మీ యాప్ వాడే మనిషి పాటలు ఎలా వచ్చాయో ఆలోచించండి. చాలామందికి ఊళ్లో మొబైల్ షాపువాడు మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చాడు. ‘పాతవి ఒక రెండొందలు, భక్తి ఒక యాభై, కొత్తవి ఏవైనా వెయ్యన్నా’ అని అడిగి తెచ్చుకున్నవి. షాపువాడు వాటిని ఫోల్డర్లుగా పెట్టాడు. ఆ ఫోల్డర్ పేరు మీద ఉన్న మాటే ఆ మనిషికి దారి. పాటల లోపల ఉండే ట్యాగులు, అంటే పాట పేరు, పాడినవాళ్ల పేరు రాసి ఉంచే గడులు, ఎవరూ సరిచేయలేదు. ఆర్టిస్ట్ గడిలో పాడినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఏదో డౌన్‌లోడ్ సైటు పేరుంటుంది. మీ కొత్త ఆర్టిస్ట్ ట్యాబ్ తెరిస్తే బాలు, సుశీల కనిపించరు, నాలుగు వెబ్‌సైట్లూ ‘తెలియదు’ అనే పెద్ద గుంపూ కనిపిస్తాయి. నమ్మకపోతే మీ అమ్మగారి ఫోన్‌లో మీ ప్రోటోటైప్ పెట్టి చూడండి. డిజైన్ ఫైల్లో మీరు పెట్టిన శుభ్రమైన ఇంగ్లీషు ఆల్బమ్‌లు ఏ ఫోన్‌లోనూ ఉండవు.

ట్యాగులు శుభ్రంగా ఉన్నా ఇంకో చిక్కుంది. ఆర్టిస్ట్, ఆల్బమ్, పాట అనే మూడు మెట్ల నిచ్చెన పాశ్చాత్య రికార్డుల కోసం పుట్టింది. అక్కడ ఒక బ్యాండ్ ఒక ఆల్బమ్ చేస్తుంది, అందులో పాటలన్నీ వాళ్లవే. మనకి ఆల్బమ్ అంటే సినిమా. ఒకే సినిమాలో ఐదు పాటలుంటే ఐదుగురు గాయకులు, డ్యూయెట్లు, కోరస్‌లు. ఆల్బమ్‌ని ఆర్టిస్ట్ పేరుతో కలిపి గుంపు చేసే యాప్‌లో ఆ ఒక్క సినిమా ఐదు ముక్కలై ఐదుచోట్ల కనిపిస్తుంది. దీనికి మందు ట్యాగుల్లోనే ఉంది. ఎంపీ3 ఫైళ్లలో ఉండే ఐడీ3 ట్యాగులో పాడినవాళ్లకి ఒక గడి, ఆల్బమ్ ఆర్టిస్ట్‌కి ఇంకో గడి, కంపోజర్‌కి వేరే గడి ఉంటాయి. గుంపు చేయడానికి రెండోదే వాడండి, అది ఖాళీగా ఉంటే ఫోల్డర్‌నే ఆధారంగా తీసుకోండి. సంగీత దర్శకుడి పేరు కంపోజర్ గడిలో దొరికితే దానికో ట్యాబ్ పెట్టండి. మనవాళ్లు ‘ఇళయరాజా పాటలు’ అని అడిగినంతగా గాయకుడి పేరుతో అడగరు. ‘చిరంజీవి పాటలు’ అనీ అడుగుతారు, అవి ఆయన పాడినవి కాకపోయినా. హీరోకి ట్యాగులో గడే లేదు. అది ప్లేలిస్టుగా వాళ్లే చేసుకోవాలి, కాబట్టి ఒకేసారి ఇరవై పాటలు ఎంచుకుని ప్లేలిస్టులో పడేయడం సులువుగా ఉండాలి. మీ డిజైన్‌లో ఒక్కో పాటకీ మూడు తాకులు పడుతున్నాయి. ఇరవై పాటలకి అరవై.

పోనీ ఆల్బమ్ పేరు ఒక్కదానితోనే గుంపు చేద్దామా అంటే అదీ కుదరదు. ‘దేవదాసు’ అనే పేరుతో తెలుగులో 1953లో ఒక సినిమా వచ్చింది, 1974లో ఒకటి, 2006లో ఇంకొకటి. పేరు చూసి కలిపేస్తే మూడు తరాల పాటలు ఒకే బొమ్మ కింద చేరతాయి, ఆ బొమ్మ కూడా తప్పుడుదే అవుతుంది. పేరుతో పాటు సంవత్సరం, అది లేకపోతే ఫోల్డర్ దారి, రెండింట్లో ఒకటైనా కలపాలి. జాబితాలో సినిమా పేరు పక్కన సంవత్సరం చిన్న అక్షరాల్లో చూపించండి. మనవాళ్లకి సంవత్సరం అలంకారం కాదు, అదే గుర్తు.

పాటల పేర్ల విషయంలో కూడా కాస్త చీపురు పట్టాలి. ఫైలు పేరు ముందు వరస నంబరు, వెనక సైటు పేరు, మధ్యలో బ్రాకెట్లు. వీటిని చూపించేటప్పుడు కత్తిరించండి, ఫైలుని మాత్రం ముట్టుకోకండి. పాతకాలపు ఐడీ3 మొదటి రకం ట్యాగులో పాట పేరుకి ఇచ్చిన చోటు 30 బైట్లు. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తింటుంది. ‘శ్రీ’ అని రాస్తే చాలు, నాలుగు గుర్తులు, 12 బైట్లు అయిపోయాయి. మనవాళ్లు పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయడానికి అలవాటుపడ్డారంటే అందులో వాళ్ల తప్పేం లేదు.

అక్కడి నుంచి వెతుకులాటకి. మీ డిజైన్‌లో వెతుకులాట ఒక భూతద్దం బొమ్మ, దాని వెనక ఖాళీ పెట్టె. ఆ పెట్టెలో జనం ఏం కొడతారో తెలుసా? తెలుగు పాట పల్లవి, ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగులో. ‘త’కి ఒకరు టీ కొడితే ఇంకొకరు టీ హెచ్ కొడతారు. దీర్ఘానికి కొందరు ఏ రెండుసార్లు, కొందరు ఒక్కసారే. ‘ఈ’కి కొందరు ఇంగ్లీషు ఈ అక్షరం రెండుసార్లు, కొందరు ఐ. ‘వ’కి వీ, డబ్ల్యూ రెండూ నడుస్తాయి. ఫైలు పేరు పెట్టిన షాపువాడిది ఒక స్పెల్లింగ్, వెతికేవాడిది ఇంకొకటి. పాట ఫోన్‌లోనే ఉంది, యాప్ మాత్రం ‘ఏమీ దొరకలేదు’ అంటుంది. పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. వెతికే మాటనీ, పాటల పేర్లనీ ఒకే పద్ధతిలో నలగ్గొట్టండి. హల్లు తర్వాత వచ్చే హెచ్ తీసేయండి, జంట అక్షరాలు ఒకటి చేయండి (ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాల జంటని ‘ఐ’గా, ‘ఓ’ అక్షరాల జంటని ‘యూ’గా మార్చాక), డబ్ల్యూని వీ చేయండి, ఎస్ హెచ్‌ని ఎస్ చేయండి, తెలుగు లిపిలో ఉన్న పేర్లని కూడా ఇదే అస్థిపంజరంలోకి దించండి. తర్వాత పోల్చండి. అక్కడక్కడా సంబంధం లేని పాట ఒకటి ఎక్కువ వస్తుంది, రానివ్వండి. రావాల్సింది రాకపోవడం కంటే నయం. ఇద్దరు కలిసి కూర్చుంటే రెండు రాత్రుల పని. మీరు యానిమేషన్ మీద పెట్టిన నెలకంటే దీనికే ఎక్కువ దండాలు పెడతారు.

తెలుగు అక్షరాల గురించి నాలుగు మాటలు, ఎందుకంటే మీ స్క్రీన్లలో ఒక్కచోట కూడా తెలుగులో రాసిన పాట పేరు లేదు. మీ వరసల ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేలా బిగించి పెట్టారు. తెలుగులో పైన గుడి, దీర్ఘం ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. బిగించిన డబ్బాలో పెడితే ‘స్త్రీ’కి కాళ్లు తెగిపోతాయి. వరస ఎత్తుని డీపీల్లో కట్టేయకండి, అక్షరం ఎంత అడిగితే అంత పెరగనివ్వండి. నేను అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తక్కువ కాకుండా ఇస్తాను. మీరు శీర్షికలకి అక్షరాల మధ్య ఎడం పెంచి సన్నని ఫాంటు వాడారు. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో అది హుందాగా కనిపిస్తుంది, తెలుగులో పళ్లూడినట్టుంటుంది. చిన్న సైజులో బాగా లావు ఫాంటు కూడా వద్దు, ‘మ’కీ ‘య’కీ కడుపులు పూడుకుపోతాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలని 200 శాతం దాకా పెంచుకోవచ్చు, ఆ సెట్టింగ్‌లో మీ ప్లేయర్ స్క్రీన్ ఒకసారి తెరవండి. ప్లే బటన్ స్క్రీన్ కిందకి జారిపోయి ఉంటుందని నా పందెం.

కారులో బ్లూటూత్‌కి కలిపినప్పుడు పాట పేరు స్టీరియో తెర మీదకి వెళ్తుంది. తెలుగు ఫాంటు లేని స్టీరియోలు చాలా ఉన్నాయి, వాటి మీద అన్నీ డబ్బాలే కనిపిస్తాయి. ‘కారుకి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పంపు’ అని సెట్టింగ్స్‌లో ఒక మీట పెట్టండి. వెతుకులాట కోసం తెలుగు పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చే లిప్యంతరీకరణ ఎలాగూ రాస్తారు కదా, అదే ఇక్కడా పనికొస్తుంది.

పాట జరిగే గీత, అంటే సీక్ బార్, మీరు సన్నగా వెంట్రుకలా గీశారు. దాని మీద నాకు ప్రత్యేకమైన కోపముంది. లెక్క వేద్దాం. గీత పొడవు 300 డీపీ అనుకుందాం. ఐదు నిమిషాల పాట అంటే 300 సెకన్లు, ఒక డీపీకి ఒక సెకను. బాగానే ఉంది. కానీ మీ యాప్‌లో పాటలే వింటారా? రెండు గంటల ప్రవచనం వింటారు, హరికథ వింటారు. 7,200 సెకన్లు అదే 300 డీపీల్లో ఇరికితే డీపీకి 24 సెకన్లు. వేలు ఎత్తేటప్పుడు నాలుగైదు డీపీలు కదలడం మామూలే, అంటే దాదాపు రెండు నిమిషాలు ఎటో ఎగిరిపోయాయి. గజేంద్రుడు మొర పెట్టకముందే శ్రీహరి వచ్చేస్తాడు. పొడవైన ఫైళ్లకి పది సెకన్లు ముందుకు, వెనక్కి వెళ్లే బటన్లు పెట్టండి. ఇరవై నిమిషాలు దాటిన దేనికైనా ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకుని అక్కడి నుంచే మొదలుపెట్టండి. గీత సన్నగా కనిపించినా తాకే చోటు 48 డీపీ ఎత్తుండాలి, లాగుతున్నప్పుడు నిమిషాలు, సెకన్లు వేలికి పైన పెద్దగా కనిపించాలి. వేలి కింద చూపిస్తే ఎవరికి కనిపిస్తుంది?

షఫుల్ గురించి ఒక చిన్న ముక్క. నిజంగా యాదృచ్ఛికంగా కలిపితే ఒకే సినిమా పాటలు రెండుమూడు వరసగా రావడం మామూలే, కానీ వినేవాళ్లు ‘షఫుల్ పనిచేయడం లేదు’ అంటారు. స్పాటిఫై 2014లో ఈ ఫిర్యాదుల మీదే తన పద్ధతి మార్చి, ఒకే ఆర్టిస్ట్ పాటలని దూరదూరంగా చల్లడం మొదలుపెట్టింది. మీరు సినిమాని బట్టి చల్లండి. షఫుల్ ఆన్‌లో ఉందా లేదా అన్నది రంగు మార్పుతో మాత్రమే చూపించకండి. మీ డిజైన్‌లో లేత ఊదా అంటే ఆఫ్, కాస్త ముదురు ఊదా అంటే ఆన్. ఎండలో రెండూ ఒకటే. గుర్తు కింద చుక్క పెట్టినా చాలు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. మసక బొమ్మ మీద తెల్ల అక్షరాలు పెట్టారు. సినిమా పోస్టర్ లేత పసుపు అయితే అక్షరాలు మాయమవుతాయి. మామూలు అక్షరాలకి వెనకరంగుతో తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి, మీ పద్నాలుగు స్క్రీన్లలో ఐదు దానికి లొంగవు, కొలిచాను. బొమ్మ మీద నల్లని పొర ఒకటి వేయండి, లేదా బొమ్మని పైన ఉంచి అక్షరాలని గట్టి రంగు మీద పెట్టండి. ఎండలో నల్ల తెర అద్దమవుతుంది కాబట్టి తెల్ల థీమ్ కూడా ఉండాలి. ఇంకో మాట, మసక ప్రభావం చవక ఫోన్లలో తడబడుతుంది. మీవాళ్ల ఫోన్లు మీ ఫోన్ లాంటివి కావు.

ఇదంతా సరిచేశాక మనుషులకి చూపించండి. మీ స్నేహితులకి కాదు, వాళ్లు బాగుందంటారు. ఇద్దరు డ్రైవర్లు, ఒక కుట్టుమిషను మీద పనిచేసే ఆమె, రాత్రి వాచ్‌మన్, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు. వాళ్ల పాటలతో, వాళ్ల ఫోన్‌లోనే. ‘నిన్న విన్న పాట మళ్లీ పెట్టండి’ అనండి. ‘ఈ పాట అయ్యాక ఫలానాది వచ్చేలా చేయండి’ అనండి. ‘అరగంట తర్వాత దానంతటదే ఆగిపోవాలి’ అనండి. తర్వాత నోరు మూసుకుని కూర్చోండి. అన్నిటికంటే కష్టమైన భాగం అదే. వేలు గాల్లో ఆగిన ప్రతిచోటా రాసుకోండి. రెండోసారి ఫోన్ బల్ల కింద పెట్టించి, చూడకుండా పాట మార్చమనండి. మూడోసారి స్క్రీన్ రీడర్ ఆన్ చేసి మీరే వాడి చూడండి. బటన్లకి పేర్లు పెట్టకపోతే అది ‘బటన్, బటన్, బటన్’ అని చదువుతుంది. మీ చెవులతో వింటే గానీ ఆ సిగ్గు తెలియదు.

విడుదల ఒక్కసారిగా అందరికీ వద్దు. ప్లే స్టోర్‌కి యాప్‌లు పంపే ప్లే కన్సోల్‌లో దశలవారీగా ఇవ్వొచ్చు, ఐదు శాతంతో మొదలుపెట్టి వారం ఆగండి. ఒకటి గుర్తుంచుకోండి, మధ్యలో ఆపగలరు గానీ, అప్పటికే అప్‌డేట్ అయినవాళ్లని పాత వెర్షన్‌కి వెనక్కి లాగలేరు. పాత కోడ్‌కే పెద్ద వెర్షన్ నంబరు వేసి మళ్లీ పంపాలి, అది ముందే సిద్ధంగా పెట్టుకోండి. వీలైతే మొదటి రెండు నెలలు సెట్టింగ్స్‌లో ‘పాత ప్లేయర్ స్క్రీన్’ అనే మీట ఒకటి ఉంచండి. రెండు స్క్రీన్లు నడపడం కష్టమే, తెలుసు. ఆ మీట ఎంతమంది వేశారో, ఎందుకు వేశారో చూస్తే మీకు వెయ్యి రివ్యూలు చెప్పనిది తెలుస్తుంది. ప్లేలిస్టులు, ఇష్టాలు, చివరగా విన్న చోటు ఒక్కటీ పోకుండా కొత్త వెర్షన్‌కి రావాలి. దానికోసం మీ పాత ఫోన్లలో, మొట్టమొదటి వెర్షన్ నుంచి కూడా అప్‌డేట్ చేసి చూడండి. నాలుగేళ్లు పేర్చుకున్న ప్లేలిస్ట్ పోతే ఆ మనిషి తిట్టడు, ఊరికే వెళ్లిపోతాడు.

కొలవాల్సింది యాప్‌లో ఎంతసేపు గడిపారన్నది కాదు. యాప్ తెరిచిన క్షణం నుంచి మొదటి శబ్దం వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందన్నది కొలవండి. పాత వెర్షన్‌లో ఆ సంఖ్య ఇవాళే తీసి పెట్టుకోండి, తర్వాత పోల్చడానికి దొరకదు.

ప్లే బటన్ సంగతి. గుండ్రమైనా చతురస్రమైనా నాకు అభ్యంతరం లేదు, మధ్యలో త్రికోణం మాత్రం కాస్త కుడికి జరపండి. సరిగ్గా మధ్యలో పెడితే కంటికి ఎడమవైపు ఒరిగినట్టు కనిపిస్తుంది, మీ రెండు డిజైన్లలోనూ అలాగే ఉంది.